గువ్వకు మళ్ళీ చెప్పాలి

జనవరి 8

నిన్న సాయంత్రం గువ్వ మూడో ఎక్కం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. పొద్దున పళ్ళు తోముకుంటుండగా "మూడు రెళ్ళు?" అని అడిగితే ఆ మాట ఎన్నడూ విననిదానిలా నా మొహంలోకి చూసింది.

"నువ్వే చెప్పు పెద్దమ్మా, నీకొచ్చుగా!" అంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళ పిల్ల. మాటలకు మాత్రం లోటు లేదు. దారిన పోయే వాళ్ళందరితో వరసలు కలుపుతుంది. రాత్రి నేర్చుకున్నది పొద్దుటికి ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "కొన్ని బళ్ళకి ఇంజను లేటుగా వేడెక్కుతుంది. వదిలెయ్." ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ప్రపంచంలో ఏ సమస్య అయినా ఆయనకు బస్సు లెక్కలోకే వస్తుంది.

ఎత్తు కూడా పెరగడం లేదు. ఆరేళ్ళ పిల్లల గౌను సరిపోతోంది. ఎవరైనా అడిగితే "మా చెల్లి కూడా చిన్నప్పుడు ఇంతే" అంటాను. నిజానికి చెల్లి ఎప్పుడూ నాకంటే పొడుగే.

జనవరి 14

ఆదివారం. చెల్లి వచ్చింది. బేకరీలో పని కుదిరినప్పటి నుంచి తన దగ్గర వెన్న వాసన వస్తోంది. రెండేళ్ళుగా సీసా ముట్టలేదు. మొహం తేరుకుంది. చేతులు వణకడం లేదు.

గువ్వ జడ విప్పి దువ్వుతూ, నా వైపు చూడకుండా చెప్పింది: "అక్కా, ఇల్లు మారాను. రెండు గదులు. గాలీ వెలుతురూ బాగా ఉన్నాయి. పరీక్షలయ్యాక దీన్ని తీసుకెళ్ళిపోతాను."

"సరే, చూద్దాం" అన్నాను.

"చూసేదేముందక్కా? నా కూతురేగా!"

ఎనిమిది నెలల పసిగుడ్డును నేను తెచ్చుకున్నాను. అప్పుడు చెల్లి ఒంటి మీద తెలివి లేకుండా ఆసుపత్రిలో పడి ఉంది. కానీ తల్లి తల్లే. మారింది, నిలబడింది, తీసుకెళ్తానంటోంది. మంచిదే. నాకేం బాధ లేదు.

జనవరి 15

నిజంగానే లేదు.

జనవరి 25

మధ్యాహ్నం బడి నుంచి ఫోను. నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక పెద్దాయనకు ఫ్రేము బిగిస్తున్నదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను.

గువ్వ సంచిలో క్లాసు టీచరు ఫోను దొరికిందట. హెడ్మిస్ట్రెస్ గారు గువ్వను బల్ల ముందు నిలబెట్టి అడిగారు.

"నువ్వే తీశావా?"

"ఆఁ."

"ఎందుకు తీశావు?"

"పెద్దక్కలు తెమ్మన్నారు. తెస్తే ఆటలో చేర్చుకుంటామన్నారు."

"పోయిన నెల పోయిన పర్సు కూడా నువ్వే తీశావా?"

"ఆఁ."

పోయిన నెల ఆ పర్సు పోయిన రోజున గువ్వ జ్వరంతో ఇంట్లో ఉంది. ఆ సంగతి చెప్పాను. హెడ్మిస్ట్రెస్ గారు నా మాట వినిపించుకోలేదు.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. తల్లి సంగతి మాకూ తెలుసు లెండి. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి. వారం రోజులు ఇంట్లోనే ఉంచండి. మళ్ళీ జరిగితే మాత్రం టీసీ తీసుకోవాల్సి ఉంటుంది."

ఇంటికి తీసుకొచ్చి వంచాను. బాగానే వంచాను. వీపు మీద నా వేళ్ళు తేలాయి.

కాసేపటికి దువ్వెన పట్టుకొచ్చి నా ఒళ్ళో కూర్చుంది, జడ వెయ్యమని. ఏమీ జరగనట్టే.

"ఎందుకు కొట్టానో చెప్పు" అన్నాను.

ఆలోచించింది. నిజంగానే కష్టపడి ఆలోచించింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నీకు కోపమొచ్చింది కాబట్టి."

జనవరి 26

మా ఆయన ఆ వీపు చూశాడు. "బ్రేకులు పడటం లేదని హారన్‌ని కొడితే ఏం లాభం?" అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ చెప్పే మనిషి, ఈసారి నవ్వలేదు.

ఫిబ్రవరి 3

బోర్డు మీది అక్షరాలు కనబడక వెనకబడుతోందేమోనని గువ్వను దుకాణానికి తీసుకెళ్ళాను. శనివారాలు కళ్ళ డాక్టరు గారు మా దగ్గర కూర్చుంటారు. పవరు ఉందన్నారు. నాకు సంతోషమేసింది. కళ్ళజోడు పెడితే అన్నీ సర్దుకుంటాయి, ఇన్నాళ్ళూ ఇదా సంగతి అనుకున్నాను.

పిల్లల ఫ్రేముల్లో అన్నింటికంటే చిన్నది తీసి పెట్టాను. జారింది. ముక్కు దగ్గర ప్యాడ్లు వంచాను. మళ్ళీ జారింది. రెండు కళ్ళ మధ్య ముక్కు దూలం అణగిపోయి ఉంది, ఫ్రేము ఆనడానికి చోటే లేదు. అద్దాల వెనక కళ్ళు మరీ చిన్నవిగా, ఎవరో అటూ ఇటూ రెండు కుట్లు వేసి మూసినట్టుగా కనిపించాయి. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న మొహం. కొలిచి చూడటం ఇదే మొదలు.

డాక్టరు గారు నా పక్కన నిలబడి చాలాసేపు గువ్వనే చూశారు.

"పుట్టినప్పుడు బరువెంతమ్మా?"

"తక్కువేనండి."

"పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి" అని ఆసుపత్రి పేరు చెప్పారు. ఎందుకని అడిగితే "చూపించండి" అని మాత్రం అన్నారు.

ఫిబ్రవరి 9

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. గువ్వ వెళ్ళీ వెళ్ళగానే ఆమె మెడలోని స్టెతస్కోపు లాగి, "నీకు పిల్లలున్నారా? నేను మీ ఇంటికి రానా?" అంది. డాక్టరమ్మ నవ్వింది. ఆడిస్తూనే తల చుట్టుకొలత, కళ్ళు, ఎత్తు కొలిచింది. బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. పెన్సిలు బల్ల మీద పెట్టి, పుస్తకం మూసి, నా దగ్గరికి వచ్చి కూర్చోమంది. గువ్వ పెన్సిలు పెట్టి ఆగిపోయింది. తర్వాతేం చెయ్యాలో తెలియక ఆ పెన్సిలే మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

తర్వాత గువ్వను నర్సుతో బయటికి పంపి నన్ను అడిగింది.

"ఈ పాప కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ మద్యం తీసుకునేవారా?"

"లేదు" అన్నాను.

ఆలోచించకుండా అన్నాను. ఆమె ఎదురుచూసింది. "ఆ అలవాటు తర్వాతొచ్చిందండీ, వాళ్ళాయన వదిలేసి పోయాక" అన్నాను.

డాక్టరమ్మ నాకు చిన్న అద్దం అందించింది. అద్దంలో చూసుకోమంది. ముక్కు కింది నుంచి పై పెదవి దాకా మనకందరికీ సన్నటి గాడి ఉంటుంది. గువ్వకు లేదు, ఆ చోటు నున్నగా ఉంది. పై పెదవి గీత గీసినంత సన్నం. "మొహం ఒక్కటే చూసి తేల్చకూడదు. కానీ మొహం, ఎదుగుదల, మతిమరుపు, ఈ నడవడి, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంకా కొన్ని పరీక్షలు చేయాలి. మీకు ఇంకేమైనా గుర్తొస్తే మళ్ళీ రండి" అంది.

ఫిబ్రవరి 10

దుకాణానికి వచ్చినవాళ్ళందరి కళ్ళూ వదిలేసి పెదవులు చూస్తున్నాను. అందరికీ గాడి ఉంది.

చెల్లి గర్భంతో ఉన్నప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నాను. నాకెలా తెలుస్తుంది? లేదన్నానంటే నాకు తెలిసినంతలో లేదనే.

గువ్వ పుట్టిన రోజు ఆసుపత్రిలో చెల్లి మీదికి వంగితే గుప్పుమని వాసన వచ్చింది. స్పిరిట్ అనుకున్నాను. ఆసుపత్రి కదా.

ఫిబ్రవరి 13

పని మధ్యలో సెలవడిగి ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. చెప్పాను, వాసన సంగతి. చెల్లి కడుపుతో ఉన్నన్నాళ్ళూ దాని తాగుడు గురించి మా అమ్మ నాకు ఫోను చేసి ఏడ్చేదన్న సంగతి.

డాక్టరమ్మ తలూపింది. తల్లి తాగింది కడుపులో బిడ్డకూ చేరుతుందట. అప్పుడే అల్లుకుంటున్న మెదడు మీద ఆ దెబ్బ పడుతుందట. అది మాన్పే మందు లేదు.

"అబద్ధాలు చెబుతుందండీ, చెయ్యనివి కూడా చేశానంటుంది" అన్నాను.

"అవి అబద్ధాలు కావమ్మా. గుర్తులేని చోట ఖాళీ ఉంటుంది కదా, తోచిన మాటతో నింపేస్తుంది. ఎదుటివాళ్ళు ఏది అంటే అదే. ఎవరైనా 'రా' అంటే వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఫోను తెమ్మన్నారు. రేపు పెద్దదయ్యాక ఏం తెమ్మంటారో, ఎక్కడికి రమ్మంటారో!"

సంచిలోంచి చీటీ, పెన్ను తీశాను.

"మరి ఏం చెయ్యాలి?"

"దండించి లాభం లేదు. ఒకసారికి ఒకే పని చెప్పాలి. చిన్న మాటల్లో చెప్పాలి. రోజూ అదే వరసలో, అదే చోట. మర్చిపోతే మళ్ళీ చెప్పాలి. బడివాళ్ళకు నేను చెబుతాను. కానీ ఖాయంగా చెప్పాలంటే వాళ్ళమ్మ నోటితో వింటే మంచిది. నింద వెయ్యడానికి కాదు. ఆవిడకి కూడా సాయం కావాలి, అది ఆవిడతో మెల్లగా చెప్పండి. ఇప్పుడు తాగడం లేదంటున్నారు, జాగ్రత్త."

మెల్లగా చెబుతాను. ఆదివారం వస్తుందిగా.

ఫిబ్రవరి 16

గువ్వ మళ్ళీ బడికి వెళ్తోంది. మధ్యాహ్నం భోజనం డబ్బా ఎవరో అడిగితే ఇచ్చేసిందట. ఆకలితో ఇంటికొచ్చింది. ఎవరికిచ్చావంటే, "మంచి అక్కకి" అంది.

ఫిబ్రవరి 18

చెల్లికి చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను. వింది. వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 19

మా ఆయన నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 20

నెమ్మదిగా చెప్పలేదు.

ఆ రోజు చెల్లి కేకు పెట్టె, గువ్వకు కొత్త బడిసంచి తెచ్చింది. బేకరీ పక్కనున్న బడిలో సీటు కూడా మాట్లాడేసిందట. నేను ఆ సంచి తీసి తలుపు వెనక పెట్టాను. ఇంతలో గువ్వ తనే ఫోను సంగతి వాగేసింది. చెల్లి నా వైపు తిరిగింది.

"దొంగతనమా? ఇదెక్కడ నేర్చుకుందక్కా?"

"నన్నడుగుతావేం?"

"మరి ఎవర్నడగాలి? నీ దగ్గరేగా పెరుగుతోంది. గారం చేసి నెత్తికెక్కించుకున్నావు. నా దగ్గరుంటే దారిలో పడుతుంది."

ఎనిమిదేళ్ళకు పైనే. జ్వరాలు, పక్కతడుపులు, పాఠాలు. నా నోరు నా అదుపులో లేకపోయింది.

"నా దగ్గర నేర్చుకోలేదే! నీ కడుపులో నేర్చుకొచ్చింది. దీని మొహం చూడు, ఆ పెదవి చూడు. నువ్వు తాగిన ప్రతి సీసా దీని తలలో ఉంది. డాక్టరే చెప్పింది. తీసుకెళ్తావా? తీసుకెళ్ళు! నువ్వు చేసిన నిర్వాకం నువ్వే పెంచుకో!"

మా ఆయన "ఏయ్!" అని అరిచాడు. అప్పటికే అయిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చంటారు.

చెల్లి గువ్వ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. చాలాసేపు చూసింది. గువ్వ నవ్వుతోంది.

"అమ్మా, కేకు కోద్దామా?"

చెల్లి చెయ్యి వదిలేసింది. "ఏ ఆసుపత్రి?" అని అడిగింది. చెప్పాను. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. తను వీధి మలుపు తిరిగాక, ఇక గువ్వను తీసుకెళ్ళదులే అని లోపలెక్కడో నాకు కుదుటపడింది. ఇది రాయకూడదనే రెండు రోజులు ఆగాను.

ఫిబ్రవరి 25

ఆదివారం. రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

పని ఎక్కువై ఉంటుంది. ఆదివారాలు బేకరీలో జనం ఎక్కువ.

మార్చి 1

మిగతా పరీక్షల కోసం గువ్వను తీసుకెళ్తే డాక్టరమ్మ అంది: "వాళ్ళమ్మగారు వచ్చారు."

నాకు అర్థం కాలేదు.

"పోయిన వారం. ఒక్కరే వచ్చారు. పేరు కూడా చెప్పకుండా కుర్చీ అంచున కూర్చుని, 'నేను తాగేదాన్ని, రాసుకోండి' అన్నారు. ఏ నెలల్లో అని అడిగాను. అన్ని నెలల్లోనూ అన్నారు. ఎంత అని అడిగాను. దాచకుండా చెప్పారు. నా దగ్గరికి చాలామంది తల్లులు వస్తారు. ఇలా తనంతట తానుగా వచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. పూర్తి మెలకువతో ఉన్నారు. ఇక్కడే సలహాలిచ్చే ఆవిడ ఉన్నారు, కాసేపు మాట్లాడి వెళ్ళండి అన్నాను. ఇప్పుడే వస్తానని వెళ్ళారు. మళ్ళీ రాలేదు."

గువ్వ జబ్బుకు పేరు ఖాయమైంది. ఆ పేరు పొడుగ్గా ఉంది. ఇంటికొచ్చేదాకా నేను దాన్ని తలుచుకోలేదు. 'ఇప్పుడే వస్తాను' అన్న మాటే చెవిలో తిరిగింది.

మార్చి 2

బేకరీకి వెళ్ళాను. పది రోజులుగా పనిలోకి రావడం లేదన్నారు.

మా ఆయనా నేనూ తన ఇంటికి వెళ్ళాం. నేను చూడటం ఇదే మొదలు. నిజంగానే రెండు గదులు. నిజంగానే వెలుతురు. లోపలి గదిలో చిన్న మంచం, దాని మీద ఇంకా విప్పని కొత్త దుప్పటి. గోడకు గువ్వ ఎత్తుకు సరిపడా కింద కొట్టిన కొక్కెం, సంచి తగిలించుకోవడానికి.

చెల్లి ఆ మంచం పక్కన నేల మీద ఉంది. మంచం మీద పడుకోలేదు. అది పాడవుతుందని కాబోలు.

సీసాల గురించి రాయను.

"అమ్మాయ్" అని మా ఆయన భుజం తట్టాడు. కళ్ళు తెరిచి, "బావా, దాన్ని తీసుకురాలేదుగా? ఇలా చూడకూడదు" అంది.

ఆయనే ఎత్తుకుని కిందికి దింపాడు. ఇంత పొడుగు మనిషి, గువ్వంత బరువుందన్నాడు.

మార్చి 5

ముందు ఆసుపత్రి, తర్వాత తాగుడు మాన్పించే చోటు. చేర్పించాం. రెండేళ్ళు నిలబడ్డ మనిషి.

మా ఆయన ఇప్పుడు మాట్లాడుతున్నాడు. "నువ్వు చెప్పకపోయినా ఎప్పటికో ఒకప్పటికి తెలిసేదే" అన్నాడు. దయతోనే అన్నాడు. నిజమే కావచ్చు. అయినా నేనన్న ఆ మాటలతోనే తెలియాల్సిన పనేముంది?

మార్చి 12

డాక్టరమ్మ బడికి స్వయంగా ఫోను చేసింది. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించారు. "క్లాసులో నలభై మంది ఉంటారండీ, ఒక్కదాని కోసం అన్నీ మార్చలేం" అన్నారు. టీసీ మాట ఎత్తలేదు. తల్లి మాట కూడా ఎత్తలేదు. క్లాసు టీచరు, ఫోను పోగొట్టుకున్నావిడే, గువ్వను ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంటానంది. "ఒక్కొక్క పనే చెబుతాను. మర్చిపోతే మళ్ళీ చెబుతాను, అంతేగా" అంది.

అంతే. కానీ అది ఎంతో ఆవిడకు ఇంకా తెలియదు.

మార్చి 17

చెల్లిని చూడనిచ్చారు. తోటలో సిమెంటు బెంచీ. మొహం బూడిదరంగుకు తిరిగింది. నేను తెచ్చిన స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని దాని గుండీలు పెడుతూ తీస్తూ కూర్చుంది.

"నోరు జారానే" అన్నాను.

"నిజమేగా అన్నావు."

"నిజమైతే మాత్రం అలాగా చెప్పేది?"

చివరి గుండీ పెట్టి అంది: "రెండేళ్ళు ఆగగలిగాను కదక్కా. అంటే ఆగడం నాకు చేతనవును. కావాల్సిన తొమ్మిది నెలలు మాత్రం ఆగలేదు."

నేను తన చెయ్యి పట్టుకున్నాను. మళ్ళీ వణుకుతోంది.

"గువ్వ నీ దగ్గరే ఉంటుంది. అందులో వాదన లేదు" అంది. నేను కావాలనుకున్న మాటే. విన్నప్పుడు ఏ కుదురూ కలగలేదు. "కానీ ఒక్కటి. దానికి నువ్వు చెప్పొద్దు. డాక్టరూ చెప్పొద్దు. నేనే చెప్పాలి."

"తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం చెబుతావే?"

"బడిలో మొద్దంటున్నారు, దొంగంటున్నారు. తన తప్పు కాదని దానికి తెలియాలి. ఎవరి తప్పో కూడా తెలియాలి."

మార్చి 24

గువ్వను తీసుకెళ్ళాను. పరుగున వెళ్ళి వాళ్ళమ్మ నడుం చుట్టేసింది. కావలి మనిషినీ చుట్టేసింది, పక్క బెంచీలో కూర్చున్న ముసలాయన్నీ పలకరించింది. చివరికి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

చెల్లి సిద్ధం చేసుకున్నట్టుంది. గువ్వ జడ కొస పట్టుకుని మొదలుపెట్టింది.

"గువ్వా, ఎక్కాలు గుర్తుండవు కదా నీకు?"

"ఊఁ."

"అది నీ తప్పు కాదమ్మా. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు నేను మందు తాగేదాన్ని. చాలా తాగేదాన్ని. అందుకే నీకు కొన్ని పనులు కష్టంగా ఉంటాయి. తప్పు నాది."

గువ్వ శ్రద్ధగా వింది. వాళ్ళమ్మ పొట్ట మీద చెయ్యి వేసి అడిగింది.

"కడుపునొప్పొచ్చిందా అమ్మా? మందు తాగావుగా, తగ్గిందా?"

చెల్లి నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, నవ్వూ కాదు ఏడుపూ కాదు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

"ఆ మందు కాదమ్మా" అంది చెల్లి.

"మరి చేదు మందా?"

"ఊఁ. చేదు మందు."

మార్చి 29

చెల్లి ఇక్కడ ఎన్నాళ్ళుంటుందో వాళ్ళూ చెప్పలేదు. మళ్ళీ నిలబడుతుందా అని అడిగాను. "కొందరు నిలబడతారు" అన్నారు. ఇంతకంటే ఏం చెబుతారు?

గువ్వను ఊరికే అడిగి చూశాను, అమ్మ ఏం చెప్పింది అని. "కేకు తెస్తానంది" అంది. ఖాళీ ఉంది, నింపేసింది. కోపం రాలేదు. ఈమధ్య రావడం లేదు. కోపం ఉన్నప్పుడే బాగుండేదేమో, ఎప్పటికైనా బాగుపడుతుందన్న ఆశ అందులోనే ఉండేది.

మార్చి 31

ఆదివారం. వెళ్ళగానే గువ్వ అడిగింది: "అమ్మా, నువ్వెందుకు ఇక్కడున్నావు?"

చెల్లి నా వైపు చూసింది. వారం అంతా కూడగట్టుకుని చెప్పిన మాట పిల్లలో ఎక్కడా మిగల్లేదని తనకు అప్పుడే అర్థమైంది. రంగు పోయింది. ఇక లేచి లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను.

వెళ్ళలేదు. గువ్వను దగ్గరికి తీసుకుని మళ్ళీ చెప్పింది. ఈసారి మందు అనలేదు. "తాగుడు" అంది, "మత్తు" అంది. చిన్న చిన్న మాటల్లో, ఒక్కొక్కటే చెప్పింది. గువ్వ "ఓహో" అంది. పక్క బెంచీ ముసలాయన్ని వాళ్ళింటి కుక్క గురించి అడగడానికి లేచి పరుగెత్తింది.

"వచ్చే ఆదివారం కూడా అడుగుతుందా అక్కా?"

"అడగచ్చు."

ఏప్రిల్ 7

అడిగింది.

చెల్లి పెదవులు తడుపుకుంది. మాట ఎంతకీ రాలేదు. చూడలేక నేనే అందుకున్నాను: "అదేంటంటే గువ్వా..."

చెల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనే చెప్పాలక్కా."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను బెంచీ చివరికి జరిగి కూర్చున్నాను.